ఒకే రూపం, ఇద్దరు ప్రవరులు: మనుచరిత్రలో శీలం లేని సౌందర్యం

వ్యాససంగ్రహం

మనుచరిత్రలో నైతిక సంఘర్షణ అనగానే ప్రవర, వరూధినుల సంవాదమే విమర్శకు కేంద్రమవుతూ వచ్చింది. ప్రవరుడి రూపం ధరించిన గంధర్వుడి వృత్తాంతం కథను ముందుకు నడిపే ఉపాయంగా మాత్రమే గుర్తింపు పొందింది. శీలం నుంచి విడివడిన సౌందర్యం తెచ్చే అపాయాన్ని పెద్దన లోతుగా ఆలోచించినది ఈ వృత్తాంతంలోనేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. దమయంతీస్వయంవరంతోను, అహల్యావృత్తాంతంతోను పోల్చి, రసాభాసచర్చ వెలుగులోను, స్వరోచి ఉత్తరకథ ఆధారంగాను ఈ ప్రతిపాదనను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మనుచరిత్ర, మాయాప్రవరుడు, వరూధిని, అనిమేషత్వం, రసాభాస, స్వరోచి

1. వరూధిని మీద మోపిన బరువు

శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509–1529) కోరిక మేరకు అల్లసాని పెద్దన రచించిన 'స్వారోచిషమనుసంభవం' మనుచరిత్రగా ప్రసిద్ధం. ఆరు ఆశ్వాసాల ఈ ప్రబంధంలో పాఠకలోకం మనసున నిలిచినది ప్రధానంగా ప్రవరుడు ఇల్లు చేరేదాకా నడిచిన కథే. పాదలేపం, హిమాలయదర్శనం, మంచునీట లేపం కరగడం, వరూధిని ఎదురుకావడం, ఆమె ప్రార్థన, అతడి నిరాకరణ, అగ్నిదేవుని అనుగ్రహం. తరగతి గదిలో పాఠం కూడా తరచు ఇక్కడే ఆగిపోతుంది. అక్కడ ఆగినప్పుడు కావ్యార్థం సులభంగా రెండు మాటల్లోకి ఒదుగుతుంది: ప్రవరుడు ధర్మం, వరూధిని కామం, ధర్మం గెలిచింది.

ఈ తీర్పులో సౌందర్యమనే బరువంతా వరూధిని మీదే పడుతుంది. అందం ఆమెది, ప్రమాదం ఆమె నుంచి, నిగ్రహం అతడిది. అయితే మారన తెనిగించిన మార్కండేయపురాణాన్ని మూలంగా చేసుకొన్న కవి ప్రవరుడి గృహప్రవేశంతో కథను ముగించలేదు. ముగించే వీలూ లేదు. స్వారోచిషమనువు పుట్టాలంటే స్వరోచి పుట్టాలి. స్వరోచి పుట్టాలంటే గంధర్వుడు రావాలి. ఆ గంధర్వుడు తన రూపంతో వచ్చివుంటే వరూధిని అంగీకరించదు. పూర్వం అతడిని ఆమె తిరస్కరించింది కూడా. కనుక అతడు ప్రవరుడై వస్తాడు.

ఇక్కడ కావ్యం ఒక అరుదైన పరీక్షకు సిద్ధమవుతుంది. ముఖం అదే, దేహకాంతి అదే, కంఠస్వరం అదే. మారినది ఒక్కటే: ఆ రూపంలో ఉన్నవాడి నడవడి. సౌందర్యాన్ని యథాతథంగా ఉంచి, దాని నుంచి శీలాన్ని మాత్రం తీసివేస్తే ఏం మిగులుతుందో చూపడానికి ఇంతకంటె అనువైన కల్పన తెలుగు ప్రబంధసాహిత్యంలో కనిపించడం కష్టం. పురాణం నుంచి వచ్చిన కథాంశమే అయినా, దానికి కావలసిన సామగ్రిని పెద్దన మొదటి ఆశ్వాసం నుంచే సమకూర్చుకుంటూ వచ్చాడు.

2. గీతకు అందని రూపం

అరుణాస్పదపురంలోని ప్రవరుడిని పరిచయం చేసే పద్యంలో కవి చేసిన కూర్పు గమనించదగినది. మన్మథుని, చంద్రుని తలపించే సౌందర్యం, ఆదిశేషుని వంటి పాండిత్యం, యజ్ఞకర్మల్లో దీక్ష, ఎడతెగని అధ్యాపనం అన్నీ ఒకే సమాసధారలో కలిసి సాగుతాయి. రూపాన్ని ఒక పద్యంలోను, గుణాన్ని మరొక పద్యంలోను వర్ణించడం ప్రబంధకవులకు అలవాటే. ఇక్కడ పెద్దన అలా విడదీయలేదు. మన్మథుడితో మొదలైన వాక్యం చదువు మీదుగా, యజ్ఞం మీదుగా నడిచి తిరిగి దేహవిలాసం దగ్గరకే వచ్చి ఆగుతుంది. చివర వేసిన విశేషణం ఆ దేహవిలాసం చిత్రించడానికి వీలుకానిదని చెబుతుంది.

చిత్రించడానికి వీలుకాదన్న రూపాన్నే మూడవ ఆశ్వాసంలో గంధర్వుడు అచ్చుగుద్దినట్టు దించుతాడు. ఇది కవి మరచిపోయిన పొరపాటా? అలా అనుకోవడం కంటె ఆ విశేషణాన్ని దాని ముందున్న వాక్యభాగంతో కలిపి చదవడం న్యాయం. వేదాధ్యయనం, అగ్నికార్యం, అధ్యాపనం వీటితో కలిసి వెలిగే దేహవిలాసం గీతకు అందదు. వాటిని తొలగించిన మీదట మిగిలే అవయవసంపద ఎవరికైనా అందుతుంది. గంధర్వుడు ఎత్తుకుపోగలిగినది ఆ మిగులునే.

తరువాతి పద్యంలోని ఉపమానం ఈ ఆలోచనను బలపరుస్తుంది. ప్రవరుడి చక్కదనం అతడి వైరాగ్యం వల్ల ఆశపడిన కాంతలకు అనుభవానికి రాకుండా పోయిందని చెబుతూ, తుమ్మెదలు వాలని సంపెంగపువ్వుతో కవి దాన్ని పోల్చాడు. సంపెంగకు పరిమళం లోపించి తుమ్మెదలు దూరంగా ఉండలేదు. ఆ పరిమళంలోనే వాటిని ఆపే గుణముంది. ప్రవరుడి వైరాగ్యం కూడా అందం మీద కప్పిన ముసుగు కాక, ఆ అందంలోనే ఇమిడిన ఘాటు. మాయాప్రవరుడిని ఈ ఉపమానంతో పరీక్షిస్తే అతడు రూపానికి సంపెంగే, కాని తుమ్మెద వాలగల సంపెంగ. అటువంటి పువ్వు లోకంలో లేదు.

ప్రవరుడు లోపం లేనివాడని దీని అర్థం కాదు. తీర్థయాత్రికులు కనిపిస్తే చాలు, విశేషాలు అడిగి తెలుసుకొనే కుతూహలం అతడిది. సిద్ధుడిచ్చిన పాదలేపంతో నిత్యాగ్నిహోత్రి ఒక్కపూట గడప దాటినది కొండ అందం చూడడానికే. హిమాలయాన్ని వర్ణించేటప్పుడు కవి గొంతు ఎత్తి దీర్ఘసమాసాలతో శిఖరాలను, సెలయేళ్లను మన కళ్ల ముందు నిలుపుతాడు. ఆ సౌందర్యానికి మంచిచెడ్డలతో పని లేదు. చూడవచ్చినవాడి పాదలేపాన్ని అది నిర్లిప్తంగా కరిగించివేస్తుంది. కావ్యంలో సౌందర్యం వల్ల కలిగిన తొలి చిక్కు స్త్రీ వల్ల వచ్చినది కాదని, మంచు వల్ల వచ్చినదని విమర్శకులు అంతగా పట్టించుకోలేదు.

అయితే దారి తప్పిన తరువాత ప్రవరుడి చూపు మారుతుంది. కస్తూరి, కర్పూర, తాంబూలాల సువాసనను గాలి మోసుకొచ్చినప్పుడు, దగ్గరలో మనుషులున్నారన్న అనుమానానికి హేతువుగా మాత్రమే అతడు దాన్ని గ్రహిస్తాడు. ఆ సుగంధం అతడికి ఇంటిదారి చెప్పగల గుర్తు. వీణ మీటుతున్న వరూధిని కూడా అతడికి దారి అడగదగిన మనిషి. ఆమెకు అతడు అలా కనిపించలేదు.

3. రెప్ప వాల్చిన అప్సరస

ప్రవరుడిని చూసిన క్షణాన వరూధినికి కలిగిన మార్పును పెద్దన ఒక పద్యంలో శాస్త్రీయమైన కచ్చితత్వంతో చెప్పాడు. దేవతలకు రెప్పపాటు ఉండదు. ఆమె చూపు బెదిరి రెప్ప వాలింది. దేవతలకు చెమట పట్టదు. ఆమెకు చెమట పట్టింది. ఆమెలోని ఎరుకను మోహం తొలగించింది. భ్రమరాన్ని తలచి తలచి కీటకం భ్రమరమైనట్టు, మనిషిని భావించడం వల్ల ఈ దేవకాంతకు మనిషితనం వచ్చినట్లుందని కవి ముక్తాయింపు.

ఈ పద్యాన్ని సాత్త్వికభావవర్ణనకు ఉదాహరణగా చెప్పి దాటిపోవడం అలవాటు. కాని ఇందులోని రెప్పపాటు, చెమట అనే రెండు గుర్తులను వినగానే భారతకథలు తెలిసిన పాఠకుడికి దమయంతీస్వయంవరం స్ఫురించాలి. నలుడి రూపంతో నలుగురు దేవతలు స్వయంవరసభలో కూర్చుంటారు. ఐదుగురు నలులను చూసి దమయంతి దిక్కుతోచక నిలుస్తుంది. తన సత్యనిష్ఠను సాక్షిగా నిలిపి ఆమె దేవతలనే ప్రార్థిస్తుంది. అప్పుడు గుర్తులు బయటపడతాయి: దేవతలకు రెప్పపాటు లేదు, చెమట లేదు, మెడలో దండ వాడలేదు, పాదం నేలను తాకలేదు. నలుడికి రెప్ప వాలుతోంది, చెమట పట్టింది, దండ వాడింది, నీడ పడుతోంది. దమయంతి మనిషి లోపాలనే ఆనవాళ్లుగా పట్టుకొని తనవాడిని వరించింది. శ్రీనాథుడి శృంగారనైషధం పెద్దన నాటికే తెలుగునేలపై ఉంది.

మనుచరిత్రలో ఇదే స్థితి తలకిందులై కనిపిస్తుంది. అక్కడ మనిషి రూపం ధరించిన దేవతలను గుర్తించవలసినది మానవకన్య. ఇక్కడ మనిషి రూపం ధరించిన దేవయోనిని గుర్తించవలసినది సాక్షాత్తు అప్సరస. దేవతల గుర్తులు ఏమిటో దమయంతి పెద్దల వల్ల విన్నది. వరూధిని వాటిని తన దేహంలోనే మోసినది. తన ముందున్నవాడు రెప్ప వేస్తున్నాడా, అతడి నుదుట చెమట ఉందా అని ఒక్కసారి పరికించితే చాలు. ఆ పరీక్ష ఆమెకు సాధ్యం కాలేదు. మోహం తొలగించినది తన ఎరుకనేనని కవి ముందే చెప్పివుంచాడు.

దమయంతికి ఉన్నదీ వరూధినికి లేనిదీ ఏమిటన్న ప్రశ్నకు పాతివ్రత్యమని తేలికగా సమాధానం చెప్పవచ్చు. అది సరిపోదు. దమయంతి నలుడిని చూడకముందే హంస నోట అతడి గుణాలు విన్నది. ఆమెకు నలుడంటే ముఖం ఒక్కటే కాదు. ఐదు ముఖాలు ఒకటైనప్పుడు కూడా ఆమె వెతకడానికి ఏదో మిగిలివుంది. వరూధినికి ప్రవరుడంటే ముఖమే. అతడు తన ఇంటిని, ముసలి తల్లిదండ్రులను, అగ్నులను, అతిథులకు వండిపెట్టే సోమిదమ్మను తలచుకున్న ప్రతిసారీ ఆమె ఆ మాటలను అడ్డుగానే భావించింది. వాటిలో అతడు ఉన్నాడని గుర్తించలేదు. ఇంద్రియసుఖానికి ఉపనిషత్తులోని ఆనందశబ్దాన్ని ఆసరా చేసుకొని ఆమె చేసిన వాదం ప్రబంధసాహిత్యంలోని చమత్కారాల్లో ఒకటి. ఆ వాదంలోనూ ఇదే లక్షణం: శ్రుతివాక్యపు సొంపు ఉంది, దాని వెనుక నిష్ఠ లేదు. మాయాప్రవరుడు రాకముందే, మాటల్లో, ఆమె ఒక మాయను సృష్టించుకుంది.

4. మూసిన కన్నులు

గంధర్వుడు కలయికకు విధించిన నియమం ప్రసిద్ధం: ఆ సమయంలో ఆమె కన్నులు మూసుకోవాలి. పురాణంలో ఉన్న ఈ నియమాన్ని పెద్దన వదలలేదు. పై చర్చ తరువాత దీని అర్థం మరింత స్పష్టమవుతుంది. తెరిచిన కన్ను దేవతల గుర్తులను పట్టగలదు. కనుక మోసం నిలవాలంటే కన్ను మూతపడాలి. కవి ఈ కారణాన్ని నోరు తెరిచి చెప్పలేదు. రెప్పపాటు లేని జాతి స్త్రీని రెప్పలు మూయమని అడిగించడమే అతడు చెప్పదలచిన తీరు కావచ్చు.

ఇందులోని వ్యంగ్యం కఠినమైనది. వరూధిని కోరినది రూపాన్ని. ఆ రూపం చేతికి అందిన క్షణాన దాన్ని చూసే హక్కు ఆమెకు లేదు. చూపుతో మొదలైన మోహం చూపును చెల్లించుకొని గాని ఫలించలేదు. శీలం లేని సౌందర్యం ఎదుటివారి నుంచి ఏం కోరుతుందో పెద్దన ఒక్క షరతులో తేల్చాడు: చూడకు, పరీక్షించకు.

ఇదే రూపాపహరణం అహల్యాకథలోనూ ఉంది. అయితే వాల్మీకి బాలకాండలో అహల్య గౌతమవేషంలో ఉన్న ఇంద్రుడిని గుర్తించే అంగీకరిస్తుంది. అక్కడ తప్పు ఇద్దరిదీ, శాపం ఇద్దరికీ. సముఖం వేంకటకృష్ణప్పనాయకుడి అహల్యాసంక్రందనం ఆ తెలిసిన అంగీకారాన్నే శృంగారకావ్యంగా పెంచింది. మనుచరిత్రలో వరూధిని తెలిసి చేసినది ఏమీ లేదు. ఆమె వలచినది ప్రవరుడిని, అంగీకరించినది ప్రవరుడిని. తాను ఒకప్పుడు స్పష్టంగా కాదన్న వ్యక్తే ఆమె ఒప్పుకోలును ఈ విధంగా కాజేశాడు. నేటి న్యాయపరిభాషలో దీన్ని వంచనతో పొందిన సమ్మతి అంటారు. ప్రబంధవ్యాఖ్యానాల్లో మాత్రం ఇది గంధర్వుడి చాతుర్యంగానో, వరూధినికి తగిన శాస్తిగానో చెల్లుబాటవుతూ వచ్చింది. తగిన శాస్తి అన్నది కావ్యంలో లేని తీర్పు. ఆమె మీద పెద్దన ఎక్కడా కక్ష కట్టలేదు. విరహంలో ఆమె పడిన వేదనకు అతడు ఇచ్చిన పద్యాలు పరిహాసానికి రాసినవి కావు.

గంధర్వుడికి శాపం తగలకపోవడం కూడా ఆలోచించవలసినదే. అహల్యాకథలో గౌతముడు వచ్చి న్యాయం విధించాడు. ఇక్కడ విధించేవారెవరూ లేరు. ప్రవరుడు తన ఇంటిలో అగ్నుల ముందు ఉన్నాడు. తన ముఖంతో ఏం జరిగిందో అతడికి తెలియదు. గంధర్వుడు కోరినది పొంది వెళ్లిపోయాడు. వరూధినికి నిజం తెలిసే సన్నివేశాన్ని కవి రచించలేదు. స్వరోచి పుట్టిన తరువాత కథ ఆమెను దాటి ముందుకు సాగిపోతుంది. నేరం జరిగి నేరస్థుడు బయటపడని కథ ఇది. శిక్ష ద్వారా నీతి చెప్పే పద్ధతికి అలవాటుపడిన విమర్శకు ఇక్కడ పట్టు దొరకలేదు. ఈ వృత్తాంతం చర్చకు రాకపోవడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

ప్రవరుడి శీలానికి ఒక హద్దు ఉందని కూడా ఈ సందర్భంలో చెప్పక తప్పదు. అతడి నిష్ఠ అతడిని రక్షించింది. ఎదుట కన్నీరు పెట్టిన స్త్రీని ఓదార్చే మాట దానిలో లేదు. మీద పడిన ఆమెను తోసివేసి, అగ్నిని ప్రార్థించి వెళ్లాడు. నియమం ఉన్నచోట కరుణ కూడా ఉండి తీరాలని లేదు. అతడు విడిచిన ఖాళీలోకే గంధర్వుడు అడుగుపెట్టాడు. ఇందుకు ప్రవరుడిని దోషిగా నిలపడం అతి అవుతుంది; అయినా ధర్మం గెలిచిందన్న వాక్యం దగ్గర ఆగిపోయిన పఠనం ఈ ఖాళీని చూడలేదు.

5. ఆభాసలో పాఠకుడి వంతు

ఒకవైపే ఉన్న రతి శృంగారరసం కాదని, అది రసాభాస అని ఆలంకారికులు నిర్ణయించారు. రసభంగానికి అనౌచిత్యానికి మించిన కారణం లేదని ధ్వన్యాలోకంలో ఆనందవర్ధనుడు చెప్పాడు. సీత మీద రావణుడి రతిని చర్చిస్తూ అభినవగుప్తుడు, ముత్యపుచిప్పలో కనిపించే వెండితో ఆభాసను పోల్చాడు. ఈ లెక్కన ప్రవరుడి పట్ల వరూధిని రతి ఆభాసే. మాయాప్రవరుడితో ఆమె కలయిక ఏమిటి?

ఇక్కడ రెండు వైపులా రతి ఉంది. నాయిక అనుభవంలో లోపం లేదు. ఆమెకు ఆ ఆనందం నిజం. వెండి కనిపించినవాడు చిప్పను వెండి అనుకుంటున్నంతసేపూ అతడికి కలిగే సంతోషం అబద్ధం కానట్టే. మోసం తెలిసినవాడు గంధర్వుడొక్కడే అనుకుంటే పొరపాటు. అతడితో పాటు తెలిసినవాడు పాఠకుడు. శృంగారపద్యాల సొంపును ఆస్వాదిస్తూనే, ఆ సొంపు ఎవరి ముఖం వెనుక ఎవరిదో తెలిసిన స్థితిలో కవి అతడిని కూర్చోబెట్టాడు. సహృదయుడు తన్మయుడైతే గంధర్వుడి పక్షాన చేరినట్టు. దూరంగా నిలిస్తే రసం అందదు. ఇటువంటి ఇరకాటం ప్రబంధశృంగారంలో అరుదు.

ఈ ఇరకాటాన్ని పెద్దన పూర్తిగా వాడుకొన్నాడని చెప్పడం కష్టం. మాయాప్రవరుడి సమాగమఘట్టంలో వర్ణన పరిపాటి శృంగారం వైపు జారుతుంది. అల్లసానివాని అల్లికలోని జిగిబిగి అక్కడా తగ్గలేదు, తగ్గకపోవడమే చిక్కు. నిజమైన ప్రేమికుల కలయికకు వాడదగిన పదసంపదనే కవి ఈ వంచనకూ వాడాడు. కన్నులు మూసుకున్న స్త్రీ చుట్టూ పద్యం కూడా కాసేపు కన్నులు మూసుకుంది. కవి బుద్ధిపూర్వకంగానే మనల్ని ఆ మాయకు లోను చేశాడని సమర్థించేవారు ఉండవచ్చు. ఆ సమర్థన నిలవాలంటే ఘట్టం చివర పాఠకుడిని మేల్కొలిపే ఒక తాకిడి ఉండాలి. అది ఆ చోట బలంగా లేదు. ఉన్నది చాలా దూరాన, స్వరోచి కథలో.

సౌందర్యానికీ నీతికీ గల సంబంధం గురించి తెలుగులో ఇరవయ్యో శతాబ్దపు చర్చ మరొక దారిన నడిచింది. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వెలువడిన ముద్దుపళని రాధికాసాంత్వనం ప్రభుత్వనిషేధానికి గురై, 1947లో గాని విముక్తం కాలేదు. ఆ వివాదంలో అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈ పద్యాలు సభ్యమా, అసభ్యమా? మనుచరిత్రకు సభ్యతాపరీక్షలో అంత ఇబ్బంది ఎదురుకాలేదు, నాయకుడు ఇంద్రియనిగ్రహం చూపాడు కనుక. దేహవర్ణన ఎంత ఉన్నదో కొలిచిన ఆ విమర్శ, ఒక స్త్రీ సమ్మతిని దొంగిలించిన ఘట్టాన్ని నీతి ప్రశ్నగా చూడనే లేదు. శృంగారం ఎక్కువైన కావ్యం నిషేధానికి గురికావడం, వంచన ఉన్న ఘట్టం నిరభ్యంతరంగా సాగిపోవడం ఆ కాలపు నీతిదృష్టి ఎంత ఇరుకైనదో చెబుతున్నాయి.

6. స్వరోచి విన్న మాటలు

మార్కండేయపురాణకథలో, కన్నులు మూసుకున్న వరూధిని మనసులో ధ్యానించినది అగ్నివలె వెలిగే ప్రవరుడి రూపాన్నే. అందువల్లనే పుట్టిన శిశువు స్వకాంతితో ప్రకాశించి స్వరోచి అయినాడు. తండ్రి గంధర్వుడు, తేజస్సు ప్రవరుడిది, అదీ తల్లి తలపు మీదుగా వచ్చినది. మోసగాడు చూపును మూయించగలిగాడు గాని తలపును మార్చలేకపోయాడు. వంచన జరిగిన చోటే వరూధిని భావన సత్యంగా నిలిచిందని పురాణం ఒప్పుకుంటున్నది. శీలం లేని రూపానికి సంతానం కలిగింది, కాని ఆ సంతానానికి పేరు తెచ్చిన వెలుగు ఆ రూపానిది కాదు.

స్వరోచి అందగాడు, పరాక్రమవంతుడు. మనోరమను రాక్షసరూపంలో ఉన్న ఆమె తండ్రి బారి నుంచి కాపాడాడు. శాపవశాన రోగపీడితలైన ఆమె చెలికత్తెలు విభావరిని, కళావతిని స్వస్థులను చేసి ముగ్గురినీ పెళ్లాడాడు. ఇంతవరకు అతడి నడవడిలో వంక పెట్టవలసినది లేదు. ఉపకారం చేసే వరించాడు. ఆ తరువాత మొదలైనది భోగం, భోగం, భోగమే. ప్రబంధలక్షణాలకు ఇంతకంటె అనువైన చోటు లేదు కనుక స్వరోచి కథను వర్ణనల సంచిగా చూసినవారు చాలామంది.

పురాణంలో ఈ భోగానికి ఒక చెవి ఉంది. విభావరి అతడికి ఇచ్చిన విద్య పశుపక్ష్యాదుల భాషాజ్ఞానం. ఆ విద్య వల్లనే ఒకనాడు అతడికి పక్షుల మాటలు అర్థమయ్యాయి. స్వరోచి, అతడి భార్యల దాంపత్యం ఎంత ధన్యమో అని కలహంసి మెచ్చుకుంటుంది. చక్రవాకి ఒప్పుకోదు. ఒకతె దగ్గరుండగానే మరొకతెతో క్రీడించేవాడికి సిగ్గెక్కడిది, అనేకుల మీద పంచిన మనసులో ప్రేమ ఎక్కడిది అని నిలదీస్తుంది. మరొకనాడు ఆడజింకలు చుట్టుముట్టగా ఒక మగజింక, తాను స్వరోచిని కానని వాటిని అదలించడం కూడా అతడు వింటాడు. సుందరుడైన రాజు పేరు అడవిలో ఒక తిట్టుగా మారింది.

ఈ ఘట్టానికి మూడవ ఆశ్వాసంతో ఉన్న బంధాన్ని గుర్తించవలసివుంది. వరూధిని కన్నులు మూయించినవాడి కొడుకుకు చెవులు తెరిపించినది అతడి భార్య ఇచ్చిన విద్య. తండ్రి తన రూపం గురించి ఎవరి నోటా నిజం వినలేదు. కొడుకు విన్నాడు. అదీ పాండిత్యం లేని, వేదం చదవని, ఏ శాస్త్రప్రమాణమూ చూపని పక్షుల నోట. వరూధిని ఉపనిషత్తును కామానికి వాడింది. చక్రవాకి ఏ ప్రమాణమూ లేకుండా దాంపత్యధర్మాన్ని చెప్పింది. మాటల అందానికీ మాటల నిజానికీ గల తేడాను ఈ రెండు సంభాషణలూ చెరో కొసన నిలిచి చూపుతాయి.

పురాణం ఇక్కడ కూడా తొందరపడి మార్పు తేలేదు. స్వరోచి సిగ్గుపడ్డాడు, అయినా భోగాన్ని వెంటనే విడవలేదు. తెలిసిన తరువాత కూడా చాలాకాలం అదే జీవితంలో కొనసాగాడు. విన్నంతనే మారిపోయే నాయకుల కంటె ఇతడు నమ్మదగినవాడు. ముగ్గురు భార్యల వల్ల ముగ్గురు కొడుకులు పుట్టారు. వారిలో ఎవరూ మనువు కాలేదు. వేటలో ఎదురైన ఒక ఆడజింక అతడి ఆలింగనాన్ని కోరి, ఆ స్పర్శతో వనదేవతగా మారింది. ఆమె కన్న బిడ్డడే స్వారోచిషమనువు. మూడు అందాల మధ్య గడిచిన దీర్ఘకాలం ఇవ్వలేని మనువును, జింక దేహంలో వచ్చి అడిగిన వనదేవత ఇచ్చింది. ఆ కౌగిలికి ముందు స్వరోచిని లోబరచుకోవడానికి ఆమె ఏ సుందరరూపాన్నీ ధరించలేదు. అతడి చేత కన్నులు మూయించనూ లేదు.